జైలు గేటు దాటాక మందు ఎవరిస్తారు?

రాచకొండ విశ్వనాథశాస్త్రి స్మృతిలో ఉప్మాకలో చేసిన ప్రసంగ పాఠం

రావిశాస్త్రి గారిది అనకాపల్లి పక్కన తుమ్మపాల. తత్వశాస్త్రం చదివారు, ఆపైన లా చదివారు, విశాఖపట్నంలో ప్లీడరుగా స్థిరపడ్డారు. మద్యనిషేధం రోజుల్లో సారా కేసుల్లో బోనెక్కిన బీదాబిక్కీని ఆయన చూసినంత దగ్గరగా చూసిన తెలుగు రచయితలు అరుదు. 'ఆరు సారా కథలు' ఆ కోర్టు వరండాల్లోంచి పుట్టినవే. అంతకు ముందే రాసిన 'అల్పజీవి'లో సుబ్బయ్యను భయం లోపల్నుంచి ఎలా కొరుక్కు తింటుందో చూపించారు. చట్టం చేతికి చిక్కిన మనిషి మనసుకి ఏమవుతుందన్నది ఆయన వదిలిపెట్టని ప్రశ్న. ఆయన పేరు మీద జరిగే సభలో జైలుకి వెళ్ళేవాళ్ళకూ, జైలునుంచి తిరిగొచ్చేవాళ్ళకూ అందాల్సిన మానసిక వైద్యం గురించి మాట్లాడుకోవడం అందుకే సబబు.

అప్పటి సారా స్థానంలో ఇప్పుడు గంజాయి ఉంది. ఏజెన్సీ కొండల్లోనూ ఒడిశా సరిహద్దులోనూ పండిన సరుకు నర్సీపట్నం మీదుగా మైదానానికి దిగి జాతీయ రహదారి ఎక్కుతుంది. నక్కపల్లి దగ్గర వేంపాడు టోల్ ప్లాజాలో బండ్లు ఆపి సోదా చేయడం ఈ చుట్టుపక్కల వాళ్ళు ఎరగని సంగతి కాదు. దొరికేది ఎక్కువగా మోసుకెళ్ళే కుర్రాళ్ళు. సరుకు సొంతదారు ఆ బండిలో ఉండడు. మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, శిక్ష 10 నుంచి 20 ఏళ్ళు. అదే చట్టంలోని 37వ సెక్షన్ వల్ల బెయిలు దొరకడం మహా కష్టం. పట్టుబడ్డ కుర్రాడు అడవివరం దగ్గరున్న విశాఖ కేంద్ర కారాగారంలో రిమాండ్ ఖైదీగా నెలలకు నెలలు ఉండిపోతాడు. ఆ జైలు చాలాకాలంగా సామర్థ్యానికి మించి కిక్కిరిసి ఉంది. లోపలున్నవాళ్ళలో గంజాయి కేసుల వాళ్ళదే పెద్ద వాటా. బెయిలొస్తే కొండెక్కి తలనీలాలిస్తానని ఉప్మాక వెంకన్నకు మొక్కుకునే తల్లి ఈ వైపు ఏ ఊళ్ళోనైనా ఉంటుంది.

వాళ్ళు తప్పు చేశారా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 75.8 శాతం విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదన్నమాట. కానీ జైలు వాళ్ళ మనసు మీద చేసే పని మాత్రం మొదటి రాత్రే మొదలవుతుంది.

ఆ మొదటి రోజుల్నే కాస్త దగ్గరగా చూడాలి. రోజూ తాగే అలవాటున్న ఒక కూలీని ఏదో కేసులో అరెస్టు చేశారనుకుందాం. చివరి గ్లాసు పడి ఆరేడు గంటలు గడిచేసరికి చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర రాదు. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద లేని పురుగులు పాకుతాయి, పక్కన పడుకున్నవాడు చంపడానికి వస్తున్నట్టుంటుంది, ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియదు. వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అనేది దీన్నే. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఆ వైద్యమేమీ ఖరీదైంది కాదు. డయాజిపామ్, లోరాజెపామ్ లాంటి మందును లెక్కప్రకారం ఇస్తూ తగ్గించుకు రావాలి, బి1 విటమిన్ సూదిమందు వెయ్యాలి, ఒంట్లో నీరు తగ్గకుండా చూడాలి, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరు కావాలి.

స్టేషన్లో ఒక రాత్రి, మేజిస్ట్రేటు ముందు ఒక పూట, అక్కణ్ణించి సబ్‌జైలు, తర్వాత కేంద్ర కారాగారం. ప్రాణం మీదికొచ్చే గంటలు సరిగ్గా ఈ ప్రయాణంలోనే గడిచిపోతాయి. చీకట్లో అరుస్తున్నవాణ్ని చూసి "బెయిలు కోసం నాటకాలు" అనుకునే వార్డరు చెడ్డవాడు కానక్కర్లేదు. అది జబ్బని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

గంజాయి సంగతి వేరు. అది మానేస్తే నిద్ర పట్టదు, ఆకలి చచ్చిపోతుంది, చిరాకు పెరుగుతుంది. ఎక్కువగా వాడిన కొందరిలో చెవుల్లో మాటలు వినిపించడం, అందరూ తన గురించే గుసగుసలాడుకుంటున్నారన్న అనుమానం కనిపిస్తాయి. మోసినవాడల్లా పీల్చినవాడు కాడు, పీల్చినవాడల్లా జబ్బు పడడు. ఎవరేమిటో తేలాలంటే వచ్చిన రోజే అడగాలి. రోజూ ఏం తీసుకుంటావు, చివరిసారి ఎప్పుడు, ఇంతకుముందు మానసిక జబ్బుకి మాత్రలేమైనా వాడావా, చచ్చిపోవాలనిపిస్తోందా, ఇంట్లో ఎవరికి కబురు చెప్పాలి. ఈ ఐదు ప్రశ్నలూ అడగడానికి పది నిమిషాలు చాలు. జైల్లోకి తీసుకునేటప్పుడు ఒంటి మీద పుట్టుమచ్చలు ఎక్కడెక్కడున్నాయో రిజిస్టర్లో రాసుకుంటారు. ఆ పక్క గళ్ళలో ఈ ఐదింటికీ జవాబులు రాసుకోవచ్చు. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 30వది కోరేది కూడా ఇదే. కొత్తగా వచ్చిన ప్రతి ఖైదీనీ వీలైనంత త్వరగా పరీక్షించాలి, జైలుపాలైన దిగులును, ప్రాణం తీసుకునే ప్రమాదాన్ని, మత్తు మానడం వల్ల వచ్చే బాధల్ని గుర్తించాలి.

సమస్య ఎంత పెద్దదో మన పొరుగునే ఒక అధ్యయనం లెక్కగట్టింది. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు సురేశ్ బాడా మఠ్, ప్రతిమా మూర్తి, వారి సహచరులు పరప్పన అగ్రహార కేంద్ర కారాగారంలో 5,024 మంది ఖైదీలను పరీక్షించి 2011లో నివేదిక ప్రచురించారు. 4,002 మందికి, అంటే 79.6 శాతానికి, మానసిక రుగ్మతో మత్తు వ్యసనమో ఉన్నట్టు తేలింది. మత్తును పక్కనపెట్టి లెక్కేసినా 1,389 మందికి, 27.6 శాతానికి, ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. ఈ రెండో అంకెను గుర్తుపెట్టుకోవాలి. ముందు ముందు పనికొస్తుంది.

జైళ్ళ సంస్కరణలపై సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ అమితవ రాయ్ కమిటీ 2017 నుంచి 2021 వరకు జైళ్ళలో జరిగిన 817 అసహజ మరణాలను పరిశీలించింది. అందులో 660 ఆత్మహత్యలు. కొట్లాటల కంటే, ప్రమాదాల కంటే, అన్నిటికంటే ఎక్కువ. ప్రభుత్వం తాళం వేసి, కాపలా పెట్టి, రోజుకి ఎన్నోసార్లు తల లెక్కపెట్టే చోట ఈ చావులు జరిగాయి. బయట ఎవరైనా చనిపోతే 'ఎవరూ గమనించలేదు' అనవచ్చు. అక్కడ ఆ మాట చెల్లదు.

ఈ విషయంలో మన న్యాయవ్యవస్థకు పాత గాయాలున్నాయి. విశాఖ వాల్తేరులో మానసిక చికిత్సాలయం 1871లోనే వెలిసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటితరం ఆస్పత్రుల్లో అదొకటి. కానీ 1912 నాటి చట్టం కింద మతిస్థిమితం లేని మనిషిని, ఏ నేరం చేయకపోయినా, జైల్లో పెట్టడం దేశంలో చాలాచోట్ల ఆనవాయితీగా సాగింది. బీహారులో హజారీబాగ్ జైల్లో మానసిక రోగులన్న పేరుతో ఇరవై, ముప్పై ఏళ్ళు మగ్గినవాళ్ళ సంగతి 1982లో వీణా సేఠీ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. కొందరికి జబ్బు నయమై ఏళ్ళు గడిచినా ఎవరూ తలుపు తీయలేదు. పశ్చిమ బెంగాల్ జైళ్ళలో నేరం లేని మానసిక రోగుల దుస్థితి మీద షీలా బర్సే వేసిన కేసులో 1993లో తీర్పు వచ్చింది. అలాంటివాళ్ళను జైల్లో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. అయినా అస్సాంలో 1951లో అరెస్టయిన మచల్ లాలుంగ్ అనే గిరిజనుడు 54 ఏళ్ళ తర్వాత, 2005లో గాని బయటికి రాలేదు. విచారణ ఎన్నడూ జరగలేదు. తేజ్‌పూర్ మానసిక ఆస్పత్రికి పంపినప్పుడు అతను యువకుడు, విడుదలయ్యేసరికి ముదుసలి. రెండేళ్ళకే చనిపోయాడు.

2018 నుంచి అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఈ గాయాలకు మందు రాసింది. వీధిలో తిరిగే మానసిక రోగిని పోలీసులు 24 గంటల్లో ఆస్పత్రికి చేర్చాలి, లాకప్పులోగాని జైల్లోగాని ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదని 100వ సెక్షన్ చెబుతోంది. చట్టం రాసినంత తేలిగ్గా అలవాటు మారదు. 2020 మేలో నర్సీపట్నం ప్రాంతీయ ఆస్పత్రి అనస్థీషియా డాక్టరును పోలీసులు విశాఖ నడిరోడ్డు మీద చేతులు వెనక్కి కట్టి తీసుకెళ్ళి, చివరికి మానసిక ఆస్పత్రికి చేర్చిన దృశ్యాన్ని రాష్ట్రమంతా చూసింది. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఆ వివాదంలో ఎవరి పక్షమేదైనా కావచ్చు. ఒక మనిషి మనసు బాగోలేదని అనుమానం వచ్చినప్పుడు చేయవలసిన మొదటి పని తాడు వెతకడం కాదన్న విషయంలో రెండో మాట ఉండకూడదు.

అదే చట్టంలోని 103వ సెక్షన్ నేరుగా ఖైదీల గురించినది. ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒక జైలు వైద్యవిభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలంటుంది. జైలు డాక్టరు మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి నివేదిక పంపాలనీ, జైల్లో మానసిక రోగులెవరూ లేరని అందులో ధ్రువీకరించాలనీ కూడా అంటుంది. సదుద్దేశంతోనే పెట్టిన నిబంధన ఇది, రోగుల్ని జైల్లో దాచిపెట్టకూడదని. కానీ బెంగళూరు లెక్కలో 27.6 శాతం పక్కన ఈ కాగితాన్ని పెట్టి చూడండి. 'ఎవరూ లేరు' అని రాయమంటే వెతికేవాడి చెయ్యి ఆగిపోతుంది. వెతికి పట్టుకున్న డాక్టరు కాగితం మీద తప్పు చేసినట్టు, వెతకనివాడు ఒప్పు చేసినట్టు కనబడతాడు. ఈ నిబంధన మారాలి. ఎందరున్నారు, ఎందరికి వైద్యం అందుతోంది, ఎందరిని ఆస్పత్రికి పంపారు అని అడగాలి.

విశాఖ జైలుకు ఇంకో చిక్కు ఉంది. ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళలో కొందరి ఇంటి భాష కువి, ఇంకొందరిది ఆదివాసీ ఒడియా. గంజాయి కేసుల్లో తమిళనాడు, కేరళ వాళ్ళూ ఉంటారు. కాలు విరిగిందని సైగతో చెప్పవచ్చు. "ఎవరూ లేనప్పుడు నీకు మాటలు వినిపిస్తున్నాయా" అన్న ప్రశ్నను సైగతో అడగలేరు. దుబాసీగా తోటి ఖైదీని కూర్చోబెడితే రోగి నోరు విప్పడు. రేపు బ్యారక్‌లో ఆ మనిషి పక్కనే పడుకోవాలి మరి. కొండ ఊళ్ళలో పనిచేసే ఆశా కార్యకర్తలకు, చదువుకున్న ఆదివాసీ యువతకు శిక్షణ ఇచ్చి వారానికి రెండు రోజులు జైలుకు పిలవడం అసాధ్యమేమీ కాదు.

ఇక ఎస్కార్ట్. రోగిని బయటి ఆస్పత్రికి తీసుకెళ్ళాలంటే జైలు సిబ్బంది సరిపోరు, సాయుధ పోలీసులు రావాలి. ఆ రోజు మంత్రిగారి పర్యటనో, జాతరో, ఎన్నికలో ఉంటే ఎస్కార్ట్ ఉండదు. డాక్టరు ఇచ్చిన తేదీ పోతుంది, మాత్రలు అయిపోతాయి. జైల్లోనే కూర్చుని మానసిక వైద్యుడితో వీడియోలో మాట్లాడే ఏర్పాటు ఈ ముడిని చాలావరకు విప్పుతుంది. వాయిదాలకు ఖైదీలను వీడియోలో హాజరుపరచడం ఇప్పటికే మామూలైపోయింది. కోర్టుకు పనికొచ్చిన తెర వైద్యానికి ఎందుకు పనికిరాదు?

ఆడవాళ్ళ సంగతి ఒక్క మాటలో దాటేయదగింది కాకపోయినా ఇక్కడ కొద్దిగానే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన తీర్పు వల్ల ఆరేళ్ళలోపు బిడ్డ తల్లితో జైల్లో ఉండవచ్చు. ఆరేళ్ళు నిండిన రోజున బిడ్డ బయటికి వెళ్ళిపోతుంది. ఆ రాత్రి ఆ తల్లి దగ్గర ఎవరు కూర్చుంటారన్నది ఏ తీర్పూ చెప్పలేదు.

మంచి ప్రయత్నాలు లేకపోలేదు. తెలంగాణ జైళ్ళలో 'ఉన్నతి' పేరుతో ఖైదీల ఆలోచనా ధోరణిని మార్చే శిక్షణను ఉస్మానియా విశ్వవిద్యాలయం మనస్తత్వశాస్త్ర ఆచార్యురాలు బీనా చింతలపూరి తీర్చిదిద్దారు. కోపం వచ్చినప్పుడు ఏం చేయాలి, తప్పుకు బాధ్యత ఎలా తీసుకోవాలి, బయటికెళ్ళాక బతుకు ఎలా దిద్దుకోవాలి అన్నవాటి మీద బృందాలుగా కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి అది. జైలంటే శిక్షతోపాటు చికిత్స కూడా అని అధికారులే ముందుకొచ్చి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అయితే ఇలాంటి పనులన్నీ గోడ లోపల జరిగేవి. గోడ బయట ఏముంది?

లోపల మానసిక వైద్యం పొందుతున్న ఖైదీ విడుదల రోజు చూడండి. బెయిలు ఉత్తర్వు జైలుకు చేరి, షూరిటీల కాగితాలు సరిచూసి, రిజిస్టర్లో వేలిముద్ర వేయించుకునేసరికి సాయంత్రమవుతుంది. అరెస్టునాటి చొక్కా, ఆగిపోయిన ఫోను, జేబులో ఉన్న చిల్లర చేతికిస్తారు. లోపల ఏడాదిగా వేసుకుంటున్న మాత్రలు జైలు ఆస్పత్రి అలమరలో ఉండిపోతాయి. పేరేమిటో అతనికి తెలియదు. పొద్దున తెల్లది, రాత్రి పసుపుపచ్చది, అంతే తెలుసు. ద్వారకా బస్ స్టేషన్‌కు వచ్చి, తుని బస్సెక్కి, నక్కపల్లిలో దిగి, ఇల్లు చేరతాడు. రెండు రోజులు చుట్టాలు వస్తారు. మూడో రోజు నుంచి నిద్ర పట్టదు. వారం తిరక్కుండా పాత గొంతులు మళ్ళీ మొదలవుతాయి. ఇంట్లోవాళ్ళు జైల్లో ఎవరో ఏదో చేశారనుకుంటారు, భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. నెల తిరిగేసరికి ఊళ్ళో గొడవ, మళ్ళీ స్టేషను.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్ర జైళ్ళనుంచి విడుదలైన 30,237 మందిని అనుసరించిన అధ్యయనం 2007లో వెలువడింది. విడుదలైన మొదటి రెండు వారాల్లో వాళ్ళు చనిపోయే ప్రమాదం మిగతా జనం కంటే 12.7 రెట్లు ఎక్కువ. ముఖ్య కారణం మత్తుమందు మోతాదు మించడం. అక్కడి మత్తు వేరు, ఇక్కడి మత్తు వేరు. ఆ రెండు వారాల ఒంటరితనం మాత్రం ఒకటే. ఇంగ్లండులో ప్రభుత్వ ఆరోగ్య సేవ 'రీకనెక్ట్' అనే ఏర్పాటు చేసింది. విడుదలకు పన్నెండు వారాల ముందే ఒక సహాయకుడు ఖైదీని కలిసి, బయటి వైద్యుడితో పరిచయం చేసి, విడుదలయ్యాక ఆరు నెలల వరకు తోడుంటాడు. మండేలా నియమాల్లో 110వది కూడా విడుదల తర్వాత మానసిక చికిత్స కొనసాగేలా చూడమనే చెబుతుంది.

మన దగ్గర అంత సిబ్బంది లేరని సమాధానం వస్తుంది. నిజమే కావచ్చు. కానీ బెయిలు మీద వచ్చినవాడు వారానికోసారి స్టేషన్‌కు వెళ్ళి సంతకం పెట్టాలని కోర్టు షరతు పెడితే ఆ సంతకం ఎవరూ మరిచిపోరు. రాకపోతే కానిస్టేబులు ఇంటికొస్తాడు. ఒక మనిషిని వారం వారం వెతికి పట్టుకునే శక్తి ప్రభుత్వానికి ఉంది. ఆ శక్తిలో పదోవంతు వైద్యం వైపు తిప్పితే చాలు. సంతకం రోజే నక్కపల్లి ప్రభుత్వాసుపత్రిలో మందు రోజు కావచ్చు. ఫ్లూఫెనజైన్ డెకనోయేట్ అనే సూదిమందు ఒకసారి వేస్తే రెండు నుంచి నాలుగు వారాలు పనిచేస్తుంది, ఖరీదూ తక్కువే. అది సరిపడే రోగికి విడుదలకు ముందు ఒకటి వేసి, తర్వాతది ఎప్పుడో చీటీ మీద తేదీ రాసి ఇస్తే ఆ ప్రమాదకరమైన రెండు వారాలు గడిచిపోతాయి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో మొదలైనప్పుడు ఎంచుకున్న తొలి నాలుగు జిల్లాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. ఆ కార్యక్రమం జాబితాలో 'జైలునుంచి విడుదలైన రోగులు' అని ఒక వరుస చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

బెయిలు వచ్చినా వారంలోగా ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. షూరిటీ కట్టలేని పేదవాడు లోపలే మిగిలిపోకూడదని ఆ ఏర్పాటు. విశాఖ, అనకాపల్లి జిల్లాల జైలు అధికారులకూ, న్యాయసేవాధికార సంస్థకూ, వైద్యారోగ్య శాఖకూ ఈ సభ చేసే విన్నపం దాని కొనసాగింపే. మానసిక వైద్యం పొందుతున్న ఖైదీ విడుదలయ్యే రోజున అతని చేతికి నెల రోజుల మందు, మందుల పేర్లు తెలుగులో రాసిన చీటీ ఇవ్వాలి. అతను ఒప్పుకుంటే అతని మండలం ఆస్పత్రికి ఫోనులో కబురు చెప్పాలి.

ఊరివాళ్ళకు కూడా ఒక మాట. మీ ఇంటికి గాని పక్కింటికి గాని జైలునుంచి మనిషి వస్తే, మొదటి వారంలోనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. లోపల ఏ మందు వాడాడో తెలియకపోతే జైలు సూపరింటెండెంటుకు అతని చేత దరఖాస్తు రాయించండి. తన వైద్య రికార్డు తాను పొందే హక్కు 2017 చట్టం 25వ సెక్షన్ కింద రోగికి ఉంది. ఏమీ తోచని రాత్రి 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబరు 10 నుంచి పనిచేస్తోంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు.